ఐదో ఇంట్లో గురుడు

మా ఇంటి వసారాలో చేతులున్న కుర్చీ ఒకటే ఉండేది. దాన్ని నేను కొన్నది నేను కూర్చోవడానికి. ఈ సంగతి నాకూ, ఆ కుర్చీ చేసిన వడ్రంగికీ తప్ప మరెవరికీ తెలిసినట్టు లేదు. సాయంత్రం బడి నుంచి నేను వచ్చేసరికి అందులో ఎవరో ఒకరు ఉండేవారు. నన్ను చూసి లేవబోయినట్టు కాస్త కదిలి, నేను "కూర్చోండి" అనే లోపలే మళ్ళీ సర్దుకునేవారు. నేను గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని, నా కుర్చీలో ఉన్నవాడి మోకాళ్ళతో మాట్లాడేవాణ్ణి. తన కుర్చీ తనకు దక్కాలనుకోవడం మనిషికి పెద్ద ఆశేమీ కాదు. నాకు మాత్రం ఆ రెండేళ్ళూ అది తీరలేదు.

వాళ్ళు వచ్చేది నా కోసం కాదు, నా జ్యోతిషం కోసం. నాకు జ్యోతిషం రాదు. రాదని చెప్పిన కొద్దీ వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో నేను బళ్ళారి జిల్లాలో హచ్చొళ్ళికి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు పంతుల్ని. వయసు ముప్పై దాటింది. బి.ఏ. ఉంది, ఉద్యోగం ఉంది, పెళ్ళయింది, ఒంట్లో బాగానే ఉంది. ఫిర్యాదు చేయడానికి ఏమీ లేకపోవడమే నా ఫిర్యాదు. చిన్నప్పటి నుంచి నన్ను అందరూ ఎగతాళి మనిషి అనేవారు. పెళ్ళిళ్ళలో నవ్వించడానికి పిలిచేవారు, పంచాయితీ జరుగుతుంటే బయటికి పొమ్మనేవారు. మా నాయన మంచాన పడ్డాక ఒకరోజు నన్ను చాలాసేపు చూసి, "వీడికి అంతా ఆటే" అన్నాడు. తర్వాత నాతో మాట్లాడింది పెద్దగా లేదు కాబట్టి, అదే నా గురించి ఆయన ఇచ్చిపోయిన తీర్పు అయింది. అది నిజమేనా, ఆ ఎగతాళి కింద ఇంకెవరైనా మనిషి ఉన్నాడా అని నాకు అప్పుడప్పుడు అనిపించేది. ఇలాంటి ప్రశ్న మా వైపు ఎవరినైనా అడిగితే వేపాకు రసం తాగమంటారు.

ఆ పరిస్థితుల్లో బళ్ళారిలో పాత పుస్తకాలు అమ్మే బండి మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రచయిత పేరున్న పేజీని చెదలు తినేశాయి. అందువల్ల తర్వాత జరిగినదానికి ఎవరినీ తిట్టడానికి వీల్లేకపోయింది. ఆ పుస్తకం చెప్పేది క్లుప్తంగా ఇది: గ్రహాలు మనకు మంచీ చేయవు, చెడూ చేయవు. రేపేం జరుగుతుందో వాటికి తెలియదు. అవి గుర్తులు మాత్రమే. పుట్టిన వేళకు ఆకాశం ఎట్లా ఉందో గీసి పెట్టుకుని, ఆ పటాన్ని అద్దంలా పట్టుకుంటే మన లోపలి సంగతులు మనకు కనబడతాయి. రవి ఉన్న చోట మన అభిమానం ఉంటుంది. చంద్రుడున్న చోట మనకు ఊరట. శని ఉన్న చోట భయం, గురుడున్న చోట ఊరికే కలిగే సంతోషం. రోజుకొక గుర్తును పట్టుకుని మన చుట్టూ దాన్ని వెతకమని ఆ పుస్తకం సలహా.

వెతికాను. చాలా కాలానికి నాకు నచ్చిన హోంవర్కు అది. మా వైపు శని ఎవరో వెంటనే తెలిసిపోయింది. కాలువ మీద తూము గేటు తీసే లస్కరు. వస్తాడు, తప్పకుండా వస్తాడు, కానీ మన మడి ఎండాక వస్తాడు. బుధుడు సిరుగుప్ప బస్సు కండక్టరు. ఒక్క టికెట్టు చింపే లోపల తెలుగులోనూ, కన్నడంలోనూ, ఉర్దూలోనూ తిట్టగలడు. చంద్రుడు జొన్నరొట్టె మీద వేసుకునే చెనక్కాయల పొడి. ఇట్లా గ్రహాలన్నీ ఆకాశం దిగి మా తాలూకాలో కాపురం పెట్టాక, నేను నా జాతకం బయటికి తీశాను.

అది మా నాయన మా సొంతూరు బండ్రిలో పురోహితుడి చేత రాయించినది. మూలలకు పసుపు పూసిన కాగితం. అందులో గురుడు లగ్నం నుంచి ఐదో ఇంట్లో ఉన్నాడు. పుస్తకంలో ఐదో ఇంటి పేజీ తీశాను. ఐదో ఇల్లంటే ఆట, వేడుక, పిల్లలు, మనసులోంచి కొత్తగా పుట్టేవన్నీ. సంతోషపు గ్రహం ఆటల ఇంట్లో కూర్చుని ఉంది. అంటే నాలో ఏ లోపమూ లేదు. వీడికి అంతా ఆటే అన్న మాట తీర్పు కాదు, చిరునామా.

ఆ పేజీ చదివాక నేను వసారాలోనే చాలాసేపు కూర్చున్నాను. అప్పటికి ఆ కుర్చీ ఇంకా నాదే. నన్ను చూసి ఎవరో నా లోపలి నుంచి తల ఊపినట్టయింది. ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు చేతకాదు.

మర్నాడే నాటకాల వాళ్ళ దగ్గర మూలన పడి ఉన్న హార్మోనియం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. కాలేజీ రోజుల నుంచి నేర్చుకోవాలని ఉండేది. పంతులు హార్మోనియం వాయిస్తే పిల్లలు లెక్కచేయరని మానుకున్నాను. ఇప్పుడు నాకు గ్రహాల అనుమతి ఉంది. రెండు మెట్లు పలకవు, ఒకటి పిలవకుండానే పలుకుతుంది. వారం రోజులు సహించి నా భార్య అన్నది:

"గురుడు ఐదో ఇంట్లో ఉండాడో లేదో నాకు తెలీదు గానీ, పక్కింటాయప్ప మాత్రం ఇంట్లో ఉండలేక పోతాండాడు."

ఆ పక్కింటాయన ఒకరోజు కారణం అడగడానికి వచ్చాడు. నా భార్య దాచకుండా చెప్పింది, మా ఆయన గ్రహాలు చూస్తున్నాడని. ఆయన ఆ మాటను బస్టాండు దాకా మోసుకుపోయాడు. హార్మోనియం సంగతి దారిలో జారిపోయింది.

మొదట వచ్చినవాడు ఊళ్ళోని రైతే. నేను వచ్చేసరికే కుర్చీలో ఉన్నాడు.

"ఎనుము పోయిందప్పా. యాడుందో చూసి చెప్పు."

నేను అట్లాంటివి చూడనని, ఇది మన మనసును మనం తెలుసుకునే విద్య అని చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. పంతుళ్ళు చెప్పేది వినడం మా వైపు మర్యాద. విన్నాక కదలకుండా కూర్చున్నాడు. ఏదో ఒకటి చేయకపోతే లేవడని, పుస్తకంలో చెప్పిన పద్ధతే మొదలుపెట్టాను.

"సరే, ఎనుము పోయిందని తెలిసినప్పుడు నీకు లోపల ఏమనిపించింది?"

"ఎనుము పోయిందనిపించె."

"అది కాదప్పా. ఇంకా లోతుగా ఆలోచించు. అది నీకు దేనికి గుర్తు?"

"పాలకు."

మర్నాడు ఆ ఎనుము దానంతటదే ఇంటికి వచ్చింది. నా కష్టాలకు అదే మొదలు. ఆ పశువు ఇంకో ఊరికి పోయి ఉంటే నా బతుకు బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

తర్వాత కాలువ కింది క్యాంపుల వాళ్ళు రావడం మొదలైంది. వీళ్ళు కోస్తా నుంచి వచ్చి, మా నల్లరేగడిని కొని, అందులో వరి పండిస్తున్న కుటుంబాల వాళ్ళు. మాటలో మర్యాద ఎక్కువ. కుర్చీలో కూర్చునే ముందు పైపంచెతో దాన్ని తుడిచేవారు, అది తమ సొంతమైనట్టు.

"మేష్టారూ, ఈసారి నీళ్ళు ఎప్పుడొదులుతారో కాస్త చూసి పెట్టండి," అన్నాడు వాళ్ళలో ఒక పెద్దాయన.

"అది ఇంజనీర్ల ఆఫీసులో అడగాలండి."

"అడిగామండి. వాళ్ళకీ తెలీదంట. అందుకే మీదాకా వచ్చాం."

ఆయన చదువుకున్నవాడిలా కనిపించాడు. ఈయనకైనా అర్థమవుతుందని ఆశపడ్డాను. రాబోయేది చెప్పడం కాదండీ, మీకు నిజంగా ఏం కావాలో, మీ మనసు దేన్ని కోరుకుంటోందో తెలుసుకోవడానికి గ్రహాలు పనికొస్తాయి అని వివరించాను.

"నా మనసుకేం కావాలో నాకు తెలుసండి. నీళ్ళు కావాలి."

ఇట్లా జరిగింది. ఒకరికి కూతురి పెళ్ళి ముహూర్తం కావాలి, ఒకరికి బావి ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో కావాలి. మా హెడ్మాస్టరు కూడా ఒక సాయంత్రం చీకటి పడుతుండగా వచ్చి, అటూ ఇటూ చూసి, తన బదిలీ సంగతి కన్నడంలో అడిగాడు. తాము ఎవరో తెలుసుకుందామని ఒక్కడూ రాలేదు. వాళ్ళందరికీ ఆ సంగతి ముందే తెలుసు కాబోలు. ఊరు మొత్తం మీద తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. నా సంగతి నేను తెలుసుకోవడానికి వాళ్ళు నాకు తీరిక ఇవ్వలేదు.

అయినా ఓర్చుకున్నాను. గురుడు ఐదో ఇంట్లో ఉన్నంతకాలం నాకు లోపల ఒక ధీమా. పిల్లలకు పాఠం మధ్యలో నవ్వు తెప్పించినప్పుడు ఇదివరకటిలా తప్పు చేసినట్టు ఉండేది కాదు. హార్మోనియం మీద ఒక పాట పల్లవి దాకా వచ్చింది. నా భార్య కూడా ఒకరోజు, అది ఫలానా పాట కదా అని పోల్చుకుంది.

అప్పుడు ఆ పుస్తకంలో చివరి అధ్యాయానికి వచ్చాను. అంతవరకూ ఎంతో స్నేహంగా మాట్లాడిన ఆ రచయిత అక్కడ ఇన్‌స్పెక్టరైపోయాడు. పుట్టిన వేళ నిమిషాలతో సహా తెలియాలట. కాస్త అటూ ఇటూ అయితే లగ్నం మారుతుంది, లగ్నం మారితే ఇళ్ళన్నీ జరుగుతాయి, అప్పుడు నువ్వు చూసుకున్నది నీ ముఖం కాదు అన్నాడు. నా కాగితంలో "తెల్లవారుజామున" అని మాత్రమే ఉంది. పంచాంగం ముందు పెట్టుకుని లెక్క కట్టాను. తెల్లవారుజాములో మొదటి భాగమైతే ఒక లగ్నం, చివరి భాగమైతే ఇంకొకటి. మొదటిదైతే గురుడు ఐదో ఇల్లు ఖాళీ చేసి ఆరో ఇంటికి పోతాడు. ఆరో ఇల్లంటే రోగాలు, అప్పులు, చాకిరీ. ఈ అనుమానం పుట్టాక హార్మోనియం ముందు కూర్చుంటే చేతులు ఆడలేదు. ఇంకొకడి వస్తువు వాడుకుంటున్నట్టుంది.

దసరా సెలవుల్లో బండ్రికి బయల్దేరాను. బళ్ళారి చేరి, తోరణగల్లులో గంటల తరబడి బస్సు కోసం నిలబడి, సండూరు దాటి ఇల్లు చేరేసరికి నా తెల్ల పంచె అక్కడి ఇనుప గనుల ఎర్రదుమ్ముకు కావి పంచె అయింది. మా అమ్మ నన్ను చూసి, "సన్యాసం తీసుకున్నావా?" అంది. ఎగతాళి నాకు ఎవరి నుంచి వచ్చిందో చెప్పడానికి జాతకం అక్కరలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ నడవలో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. అదే ఊళ్ళో ఇచ్చిన మా పెద్దక్క కూడా వచ్చి గడప మీద కూర్చుంది. మంచి సమయమని అడిగాను.

"అమ్మా, నేను సరిగ్గా ఎన్ని గంటలకు పుట్టినాను?"

"అంతా కాగితంలో రాసుండాది కదప్పా."

"తెల్లారుజామున అని మాత్రమే ఉండాది."

"తెల్లారుజామునంటే తెల్లారుజామునే. దాంట్లో ఇంగేముంటాది?"

"కోడి కూసినాక పుట్టినానా, ముందరా?"

"మా పుట్టింట్లో కోళ్ళు యాడివి?"

"పక్కింట్లో ఉంటాయి కదా."

"నేను నిన్ను కంటాంటినా, పక్కింటి కోళ్ళను కాపలా కాస్తాంటినా?"

చెరగడం వేగం పెరిగింది. నేను వదల్లేదు. నా కాన్పు అమ్మ పుట్టింట్లో అయింది. అక్కడ మంత్రసాని ఉంటుంది కదా, ఆమెకైనా గుర్తుండదా అన్నాను.

"ఆయమ్మ పోయి ఎన్నేండ్లాయె. పాపం, ఆ పొద్దు ఊరి ఆ కొసనించి చెప్పుల్లేకుండ కాళ్ళు కాల్చుకుంటా ఎండలో వచ్చె."

తెల్లవారుజామున కాళ్ళు కాలే ఎండ మా బళ్ళారి జిల్లాలో కూడా ఉండదు.

గడప మీద అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంగా చెప్పలేదా వానికి?"

"నువ్వు నోరు మూసుకో," అంది అమ్మ.

కానీ అక్క మూసుకునే రకం కాదు. అక్కకూ నాకూ మధ్య ఇద్దరు మగపిల్లలు పుట్టి, ఏడాది నిండకుండానే పోయారు. ఆ సంగతి నాకు తెలుసు. నేను పుట్టగానే చేటలో వేసి, పక్కింటావిడకు తవుడుకు అమ్మి, మళ్ళీ కొనుక్కున్న సంగతీ తెలుసు. అట్లా చేస్తే పిల్లవాడు ఆ ఇంటివాడు కాదనుకుని మృత్యువు పక్కకు పోతుందని నమ్మకం. మా ఇంట్లో అది నవ్వుకోవడానికి చెప్పుకునే కథే. కొన్నప్పుడు తవుడు కాస్త ఎక్కువే పోయిందని మా నాయన అనేవాడు. నాకు తెలియనిది, మా నాయనకు కూడా చివరిదాకా తెలియనిది ఇంకొకటి ఉంది. మా అమ్మ అక్కడితో ఆగలేదు. వేళ పక్కాగా రాయించి కాగితం మీద పెడితే అది మృత్యువుకు ఇంటి గుర్తు చెప్పినట్టే అని మా అవ్వ, అంటే అమ్మ తల్లి, అన్నదట. అందుకని ఇద్దరూ కలిసి మంత్రసాని చేత ఒట్టు వేయించుకుని, బండ్రికి కబురు తీసుకుపోయేవాడికి వేరే వేళ చెప్పి పంపారు. మా నాయన ఆ వేళకే శ్రద్ధగా జాతకం రాయించాడు.

"వేళ ఒక్కటేనా?" అని అడిగాను.

"దినము గూడా," అంది అక్క.

బళ్ళో చేర్పించినప్పుడు పంతులు తన వీలును బట్టి ఒక తేదీ వేసుకున్నాడు. ఇంట్లో తిథి ప్రకారం ఇంకొకటి. నాకు రెండు పుట్టినరోజులున్నాయని, మామూలు మనిషి కంటే ఒకటి ఎక్కువే అని నేను ఎగతాళిగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు రెండూ నావి కావని తేలింది. నా పెళ్ళికి ముందు పురోహితుడు రెండు జాతకాలు పక్కపక్కన పెట్టి దివ్యమైన పొంతన అన్నాడు. ఆయన నా భార్యకు కుదిర్చిన ఆ మనిషి ఇంతవరకూ ఎక్కడా పుట్టలేదు. ఆమె ఓర్పుకు కారణం ఇప్పుడు అర్థమైంది.

అలవాటు కొద్దీ మనసు లెక్క కట్టింది. ఎండలో మంత్రసాని వచ్చిందంటే మధ్యాహ్నం దాటి ఉంటుంది. దినం ఒకటి రెండు అటూ ఇటూ అయినా గురుడు రాశి మారడు. లగ్నం మారుతుంది. అట్లయితే గురుడు పన్నెండో ఇంట్లో ఉంటాడు. పన్నెండో ఇల్లంటే ఏకాంతం, నిద్ర, ఎవరికీ కనబడకుండా దాక్కున్నవి. పుస్తకంలో ఆ పేజీ నాకు గుర్తుంది. లోపలి సంతోషాన్ని పైకి ఎగతాళితో కప్పుకునే మనిషి అని ఉంది. అది కూడా నాకు అచ్చంగా సరిపోయింది. ఐదో ఇల్లు కంటే బాగా సరిపోయింది. నాకు ఒళ్ళు మండింది అక్కడే. ఏ ఇంట్లో కూర్చోబెట్టినా సరిపోయేవాడికి సొంత ఇల్లంటూ ఏది? నిజం వేళ ఒక్కటే దాన్ని తేల్చగలదు. అది ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషి కొర్రలు చెరుగుతోంది.

"అమ్మా, అయిందేదో అయింది. నాకొక్కనికి చెప్పు. ఎవరికీ చెప్పను."

"నీ నోట్లో ఇంతవరకు ఏ మాట నిలిచె?"

"ఒట్టు."

"చెప్తే కాగితం మింద గీస్తావు."

"గీయను. మనసులో పెట్టుకుంటా."

"ఏంటికి పెట్టుకోవల్ల? ఇన్నేండ్లు అది లేకుండ నీకు అన్నం దిగలేదా?"

నేను చాప మీద నుంచి లేచి, మళ్ళీ కూర్చున్నాను. క్లాసులో చెప్పినట్టు నిదానంగా చెప్పాను. గ్రహాలు ఎవరినీ ఏమీ చేయవని, వాటికి మనం ఎవరో కూడా తెలియదని, అవి అక్షరాల వంటివని, వాటితో మన కథ మనం చదువుకోవచ్చని చెప్పాను. అమ్మ చేతిలో చేట ఆగింది. వింటోందనే అనుకున్నాను.

"ఏమీ చేయవా?"

"ఏమీ చేయవు."

"మళ్ల నీకేంటికి?"

"నేనెవరో తెలుసుకోనీకి."

"దానికి గ్రహాలేంటికప్పా. నా కొడుకువి."

అక్క మళ్ళీ నవ్వింది. నేను నవ్వలేదు. నా జీవితంలో నేను నవ్వని సందర్భాలు తక్కువ, అందుకే గుర్తున్నాయి. గొంతు పెంచాను. ముప్పై ఏండ్లు దాటినాయి, ఇంగ నన్ను వెతుక్కుంటా ఎవరొస్తారు అన్నాను. కాగితం మింద తప్పు రాయించినందుకే నేను బతికినానా, ఇది ఎక్కడి మూఢనమ్మకం, నీ కొడుకు బి.ఏ. చదివినాడు, పదిమందికి చదువు చెప్తాండాడు, వాడికే నువ్వు ఇట్లాంటివి చెప్తావా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

అమ్మ అంతా విన్నది. చేట ఒళ్ళోకి దించుకుని, అందులోంచి ఒక రాయి ఏరి గడప అవతలికి వేసింది.

"ముందర పోయిన ఇద్దురికీ మీ నాయన వేళ తప్పకుండ సరిగ్గా రాయించినాడు," అంది.